లారీ వీల్ బేరింగ్ మార్చాలా? కొత్తది కొనే ముందు పాతదాన్ని చూడండి

అందరికీ నమస్కారమండీ. రావులపాలెం దగ్గర మన షెడ్డులోనే ఉన్నాం, వెనకాల కనిపిస్తున్న పది టైర్ల బండి ఆకివీడు నుంచి చేపల లోడు వేసే బండి, పొద్దున్నే వచ్చింది. డ్రైవర్ బాబాయ్ ఏమన్నాడంటే ఎడమ పక్క ముందు చక్రం తణుకు దాటిన కాణ్ణుంచీ గుర్రుమంటంది, దిగి చక్రం నడుమ ఉండే హబ్ మీద చెయ్యి పెడితే కాలిపోయింది అన్నాడు. మంచి పని చేశాడండి, అక్కడ నుంచి స్లోగా తీసుకొచ్చేశాడు, లేకపోతే చక్రం తిరిగే ఇరుసు, అదే స్టబ్ యాక్సిల్, కూడా పోయేది.

మొదట వెనక చక్రాలకి ఊతం పెట్టి, ముందు వైపు జాకీ ఎత్తి కింద స్టాండ్ పెట్టాం, ఒక్క జాకీని నమ్మి పని చెయ్యద్దండీ దయచేసి. ఇప్పుడు టైర్ని పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపితే ఇదిగో ఇలా టకటకమంటంది. చాలామంది ఊగింది కదా అని బేరింగ్ పోయిందనేస్తారు, అది చక్రం పక్కలకి మళ్ళడానికి ఉండే కింగ్ పిన్ కూడా అవ్వచ్చు, అందుకని బాబాయ్‌ని క్యాబిన్‌లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నా, బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఊగడం ఆగిపోయింది, అంటే ప్లే, ఆ వదులు, బేరింగ్‌లోనే ఉంది, బ్రేకు తొక్కినా ఊగుతుంటే మటుకు కింగ్ పిన్ చూసుకోవాలి.

సరే, విప్పేశాం. ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఉందండీ. బేరింగ్ పోయింది అనగానే కుర్రాణ్ణి షాపుకి పంపి ఫలానా బండికి ముందు బేరింగ్ ఇమ్మనండి అంటాం కదా, అలా చెయ్యకండి. పాత బేరింగ్‌ని ముందు డీజిల్‌లో కడిగి వెలుతురులో పెట్టి చూడండి, అది ఎందుకు పోయిందో దాని మీదే రాసుంటది.

తమ్ముడూ, ఫోను కొంచెం దగ్గరికి పెట్టు. ఈ హబ్‌లో లోపల ఒకటి, బయట చిన్నది ఒకటి, రెండు బేరింగ్‌లు, ఇది లోపలిదాని కప్పు, హబ్‌లో బిగుతుగా కూర్చునే రింగు. లోపలి ముఖం మీద వరసగా నల్లటి అడ్డ గీతలు కనపడుతున్నాయా, ఒక్కో గీతకీ మధ్య దూరం చూడండి, ఈ రోలర్‌కీ పక్క రోలర్‌కీ ఎంత దూరం ఉందో సరిగ్గా అంతే ఉంది. వేలితో రాస్తే గరుగ్గా తగులుతంది. ఇది నీళ్ళ పనండి. బండి రెండు మూడు రోజులు కదలకుండా ఆగిపోయినప్పుడు రోలర్ ఆనుకున్న చోటల్లా నీళ్ళు నిలబడి తుప్పు తినేసింది, మళ్ళీ బండి తిరిగేసరికి ఆ గీతల దగ్గర్నుంచి పొక్కులు లేవడం మొదలెట్టింది, అదే ఆ గుర్రు.

మన డెల్టాలో బేరింగ్‌లకి శత్రువు నీళ్ళేనండీ. చేపల బండంటే ఐస్ కరిగిన నీళ్ళు కారతానే ఉంటాయి, మొగల్తూరు, అంతర్వేది వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగితే ఉప్పునీళ్ళు, 2022 జులై వరదకి లంకల రోడ్లు మునిగినప్పుడైతే ఆ తర్వాత రెండు నెలల పాటు ఈ గీతలున్న కప్పులే విప్పాం. ఇంకోటి గమనించండి, హైవే మీద గంటల తరబడి నడిచి వేడెక్కిన హబ్ ఒక్కసారి నీళ్ళలో దిగితే లోపల గాలి చల్లబడి ముడుచుకుంటది, నీళ్ళని ఆపే సీలు కొంచెం అరిగుంటే చాలు ఆ సందులోంచి నీళ్ళు లోపలికి లాగేసుకుంటది. పైన తుడిస్తే పోయేది కాదది.

నీళ్ళు కాకుండా వేరే రకంగా పోయిన బేరింగ్ వేరేలా ఉంటదండీ. రోలర్లు నీలంగానో గోధుమ రంగుగానో మారితే అది వేడి, గ్రీజు లేకపోయుండాలి, నట్టు మరీ బిగించేసైనా ఉండాలి. కప్పు బయట వైపు అద్దంలా మెరిసిపోతుంటే కప్పు హబ్‌లో తిరిగేస్తంది అన్నమాట, అలాంటప్పుడు కొత్త బేరింగ్ ఎంత ఖరీదుది తెచ్చినా నిలవదు, హబ్ చూసుకోవాలి. చాలా చోట్ల హబ్ లోపల సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి కప్పు బిగించేస్తారు, దయచేసి ఒప్పుకోకండి, ఆ చుక్కలు కొన్నాళ్ళకే అణిగిపోయి మళ్ళీ తిరుగుద్ది, హబ్‌కి లోపల స్లీవ్ అనే రింగు వేయించాలి లేదా హబ్బే మార్చాలి.

ఇప్పుడు నెంబరు. కోన్, అంటే రోలర్లతో ఉండే లోపలి రింగు, దాని ముఖం మీద, కప్పు అంచు మీద నెంబర్లు కొట్టుంటాయి, గుడ్డతో తుడిచి రెండూ ఫోనులో ఫోటో తీసుకోండి. నేను ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో ఈ మూడు బేరింగ్‌లు చూడండి, 30213, 32213, 33213. చివర 13ని అయిదుతో గుణిస్తే 65, అంటే మూడిటికీ లోపల బోరు 65 మిల్లీమీటర్లే, బయట కూడా మూడిటికీ 120. షాపులో పైనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ మందం చూడండి, మొదటిది 24.75, రెండోది 32.75, మూడోది 41. లోడు మోసే బలం కూడా మందాన్ని బట్టే మారుద్ది. ఒకటి బదులు ఇంకోటి పెడితే హబ్ ఉండాల్సిన చోట ఉండదు, సీలు తన జాగాలో ఆనదు. ఒక్క అంకె తేడా, అంతే. కొన్ని బండ్లకి అంగుళాల లెక్కలో ఉండే బేరింగ్‌లు వస్తాయి, వాటిలో కోన్‌కి ఒక నెంబరు, కప్పుకి వేరే నెంబరు ఉంటాయి, రెండూ రాసుకోండి.

కంపెనీ ఏది తీసుకోవాలి అని అందరూ అడుగుతారు. ఎస్‌కేఎఫ్, ఎఫ్ఏజీ, టిమ్‌కెన్, జైపూర్ వాళ్ళ ఎన్‌బీసీ, కోయో, ఎన్‌టీఎన్, ఇవన్నీ నేను వేసినవే, ఒరిజినల్ అయితే ఏదైనా నమ్మకంగా వెయ్యచ్చు. సమస్య కంపెనీతో కాదండీ, ఆ కంపెనీ పేరు కొట్టిన డూప్లికేట్‌తో.

మూడేళ్ళ కింద నా చేతుల మీదే జరిగింది. హౌరా వెళ్ళే చేపల బండికి అర్జెంటుగా బేరింగ్ కావాలి, ఒక షాపులో సగం రేటుకి ఇచ్చారు, డబ్బా బాగుంది, పేరు బాగుంది, వేసేశాను. శ్రీకాకుళం జిల్లా దాటకుండానే హబ్ పట్టేసింది. డ్రైవర్ రాత్రంతా రోడ్డు పక్కన దొరికిన చోటల్లా ఐస్ కొనుక్కొచ్చి సరుకు మీద పోసుకుంటా కూర్చున్నాడు, ఆ ఫోను ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆ బేరింగ్ తెచ్చి కడిగి చూస్తే బోరు లోపల సన్నగా అడ్డదిడ్డంగా పాలిష్ గీతలు, అంటే ఎక్కడో తీసేసిన పాతది రుద్ది మెరిపించి కొత్త డబ్బాలో పెట్టారు. ముందే ఒక్క నిమిషం చూసుంటే నాకు కనపడేది. అందుకే ఇప్పుడు బేరింగ్ చేతిలోకి తీసుకోగానే ముందు చూసేది బోరు లోపల, కోన్ వెడల్పు ముఖం మీద, కొత్తదానికి ఒకే తీరున నున్నగా ఉంటది. పేరు, నెంబరు డబ్బా మీదా బేరింగ్ మీదా ఒకటే ఉండాలి, అక్షరాలు వంకర టింకరగా ఉన్నా, థిన్నర్ గుడ్డతో రాస్తే చెరిగిపోతున్నా తిరిగిచ్చెయ్యండి.

అయితే ఒకటి, ఇప్పుడు డూప్లికేట్ వాళ్ళు ప్రింటింగ్ కూడా బాగానే చేస్తున్నారు, కంటితోనే అంతా తేల్చలేం. ఎస్‌కేఎఫ్ వాళ్ళకి ఆథెంటికేట్ అనే యాప్ ఉంది, ఫోటోలు పంపితే చూసి చెప్తారు, ఎఫ్ఏజీ అమ్మే షెఫ్లర్ వాళ్ళకి ఆరిజిన్‌చెక్ అని ఉంది, డబ్బా మీద కోడ్ స్కాన్ చెయ్యాలి. అన్నిటికన్నా నేను నమ్మేది ఆథరైజ్డ్ డీలర్, జీఎస్టీ బిల్లు మీద బేరింగ్ నెంబరు రాయించుకోవడం. ఎమ్మార్పీలో సగానికి ఇస్తానన్నాడంటే అడగాల్సింది ఇంకెంత తగ్గిస్తావని కాదండీ, ఎక్కణ్ణుంచి వచ్చిందని. డబ్బా కూడా బిగించే టైము వరకూ విప్పద్దు, లోపల తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటది, షెడ్డు దుమ్ములో విప్పి పెడితే ఆ కొత్తదనం అక్కడే పోయింది.

కొనేటప్పుడు సెట్టుగా కొనండి. కొత్త కోన్ తెచ్చి పాత కప్పులోనే పెట్టెయ్యడం, కప్పు తియ్యడం కష్టం కాబట్టి చాలామంది చేసే పనే, కానీ ఇందాక చూపించిన ఆ తుప్పు గీతల మీద కొత్త రోలర్లు తిరిగితే ఏమవుద్ది చెప్పండి? లోపలిది పోయింది కాబట్టి ఈ హబ్‌లో బయట చిన్నది కూడా మార్చేస్తున్నా, సీలూ మారుస్తున్నా. సీలు ఆనే కాలర్ మీద గోరు పెట్టి లాగి చూడండి, గోరు గాడిలో పడిందంటే కాలర్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త సీలు పెట్టినా నీళ్ళు వస్తాయి. మన ఏరియాలో బండికి సీలు మంచిది వెయ్యడం బేరింగ్ మంచిది వెయ్యడం అంత ముఖ్యమండీ, నేనైతే ఎక్కువే అంటాను.

కప్పు ఎక్కించేటప్పుడు సుత్తితో డైరెక్టుగా కొట్టద్దు, పాత కప్పు బయట కొంచెం గ్రైండింగ్ పట్టించి లూజు చేసి దాన్ని ఆనించి కొడితే సమానంగా దిగుద్ది, అడుగుకి ఆనగానే శబ్దం మారుద్ది, వినండి... ఆ, అదే.

గ్రీజు లిథియం బేస్‌ది, వీల్ బేరింగ్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసుండాలి. ఛాసిస్‌కి కొట్టే కాల్షియం గ్రీజు హబ్‌లో పెట్టకండి, అది వంద డిగ్రీల లోపే కరిగి జారిపోద్ది, లిథియందైతే 180 దగ్గర దాకా కరగదు. అరచేతిలో గ్రీజు తీసుకుని బేరింగ్ వెడల్పు వైపు ఇలా నొక్కుతా ఉంటే అవతలి వైపు రోలర్ల మధ్య నుంచి బయటికొస్తది, అప్పటిదాకా నొక్కాలి. హబ్ ఖాళీ మాత్రం మొత్తం నింపద్దు, మూడో వంతు నుంచి సగం చాలు, ఎక్కువైతే అదే వేడి పుట్టిస్తది. కడిగిన డీజిల్ పూర్తిగా ఆరాకే గ్రీజు, ఆరబెట్టేటప్పుడు గాలి పైపుతో బేరింగ్‌ని గిర్రున తిప్పకండి, రోలర్ ఎగిరి కంట్లో పడుద్ది.

నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతా బిగించండి, రోలర్లు కుదురుకోవాలి, తర్వాత లూజు చేసి మళ్ళీ సెట్ చెయ్యాలి. మీ బండి మాన్యువల్‌లో ఏ లెక్క ఉంటే అదే, మామూలుగా కదలిక కొలిచే డయల్ గేజ్ పెడితే 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల లోపు ప్లే ఉండాలి, ఇంచుమించు తల వెంట్రుక మందం. ఇదిగో ముల్లు 0.07 చూపిస్తంది, లాక్ వాషర్ మడతపెట్టేస్తున్నా.

బాబాయ్, ఇప్పుడు ఖాళీగా రాజమండ్రి వైపు ఒక ముప్పై కిలోమీటర్లు వెళ్ళి ఆపండి, వేళ్ళ వెనక వైపుతో ఈ హబ్ ముట్టుకోండి, తర్వాత కుడి పక్క హబ్ ముట్టుకోండి, బ్రేకులు వాడతారు కాబట్టి గోరువెచ్చగా రెండూ ఉంటాయి, రెండూ ఒకేలా ఉంటే లోడుకి వెళ్ళిపోండి, ఇదొక్కటే వేడిగా ఉంటే అక్కణ్ణుంచే నాకు ఫోను చెయ్యండి, కదలద్దు.