మోకాలికీ ఒడికీ ఒకే మాట: ఇంగ్లీషు మీదుగా స్వీడిష్ నేర్చుకునేవారికి

అందరికీ నమస్కారం.

స్వీడన్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది స్వీడిష్‌ను ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు. అందులో తప్పు లేదు. రెండూ జర్మానిక్ కుటుంబానికి చెందిన భాషలు, వందల మాటలు చూడగానే పోల్చుకోవచ్చు. చిక్కంతా జాతీయాల దగ్గర మొదలవుతుంది. ఎలా మొదలవుతుందో చూడటానికి ఈ పూట ఒక్క అవయవాన్ని తీసుకుందాం: మోకాలు.

ఇంగ్లీషులో నీ, స్వీడిష్‌లో క్నే. మూలం ఒకటే. ఇంగ్లీషువాళ్ళు కూడా రాతలో కె పెడతారు కానీ పలకడం మానేసి కొన్ని శతాబ్దాలైంది. స్వీడిష్‌లో ఆ క ఇప్పటికీ వినపడాలి. మనవాళ్ళు మధ్యలో అచ్చు చేర్చి కనే అనో కినే అనో అంటుంటారు. భగ్న, మగ్న అన్నప్పుడు గ్న ఎలా పలుకుతామో అలాగే క్న అని మొదలుపెట్టి, నోరు కాస్త ఎక్కువ తెరిచి ఏ అనాలి. జర్మానిక్ కుటుంబాన్ని కూడా తనలో కలుపుకున్న ఇండో-యూరోపియన్ పెద్ద కుటుంబంలోకి వెళితే లాటిన్ గెను, గ్రీకు గోను, సంస్కృత జాను కనిపిస్తాయి. ఆజానుబాహుడు అన్నప్పుడల్లా మనం పలుకుతున్నది ఈ క్నేకి దూరపు చుట్టాన్నే.

వ్యాకరణం కొద్దిగా చెప్పుకోక తప్పదు, ఎందుకంటే ఇక్కడ అర్థం మొత్తం ప్రత్యయాల మీదే నడుస్తుంది. ఒక మోకాలు ఎట్ క్నే. ఆ మోకాలు క్నేట్, రాతలో క్నేఎట్ అని కూడా ఉంటుంది. మోకాళ్ళు క్నేన్. ఆ మోకాళ్ళు క్నేనా. మొదట్లో అందరూ తడబడేది క్నేన్ దగ్గర. స్వీడిష్ నామాలు ‘ఒక’ అనడానికి ముందు ఎన్ వచ్చేవీ ఎట్ వచ్చేవీ అని రెండు వర్గాలు. ఎన్ వర్గం నామాలకు చివర న్ చేరితే ‘ఫలానా ఆ ఒక్కటి’ అని అర్థం వస్తుంది. ఆ అలవాటుతో క్నేన్ అంటే ఒక మోకాలే అనుకుంటారు. కానీ క్నే ఎట్ వర్గం మాట. దీనికి చివర న్ వస్తే బహువచనం.

ఇప్పుడు అసలు సంగతి. స్వీడిష్ క్నే మోకాలొక్కటే కాదు, ఒడి కూడా. పిల్లవాడు అమ్మ ఒడిలో కూర్చుంటే సిట్టా ఈ క్నేట్ అంటారు, అంటే క్నేలో కూర్చోవడం. ఒడిలో పెట్టుకుని ముద్దు చేసే చిన్న కుక్క క్నేహుండ్. ఇంగ్లీషులో ల్యాప్ వేరు, నీ వేరు. తెలుగులోనూ ఒడి, మోకాలు వేర్వేరు మాటలు. స్వీడిష్‌లో ఆ తేడాను తేల్చేది విభక్తి లాంటి చిన్న మాట: ఈ అంటే లోపల, పో అంటే మీద. ఈ క్నేట్ అని వింటే ముందు ఒడి గుర్తుకు రావాలి, పో క్నే అని వింటే మోకరిల్లడం గుర్తుకు రావాలి. ఒక్క నొప్పి విషయంలోనే ఈ సూత్రం పనిచేయదు, దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ఒక అందమైన ఉదాహరణ చెప్పాలి. మన చేతిలో లేదు, అంతా దైవాధీనం అనడానికి ఇంగ్లీషులో ఇన్ ద ల్యాప్ ఆఫ్ ద గాడ్స్ అంటారు, అంటే దేవతల ఒడిలో. స్వీడిష్‌లో ఈ గూదార్నాస్ క్నే. ఈ మాట హోమర్ గ్రీకు కావ్యాల నుంచి వచ్చింది, అక్కడ ఉన్నది దేవతల మోకాళ్ళ మీద అనే. ఇంగ్లీషులో పాత పద్ధతిలో ఆన్ ద నీస్ ఆఫ్ ద గాడ్స్ అన్న రూపం కూడా ఉంది. మోకాలా, ఒడా అని ఇంగ్లీషు ఎంచుకోవలసి వచ్చింది. స్వీడిష్‌కు ఆ అవసరమే రాలేదు, ఒకే మాట రెండింటినీ మోస్తుంది కాబట్టి.

ఇక ఇంగ్లీషులో ఆన్ యువర్ నీస్ అన్న మూడు ముక్కలకు స్వీడిష్‌లో మూడు వేర్వేరు రూపాలున్నాయి. అనువాదకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

మొదటిది పో క్నే. ప్రత్యయం లేదు, ఏకవచనం. స్టో పో క్నే అంటే మోకాళ్ళ మీద ఉండటం, ఫల్లా పో క్నే అంటే మోకాళ్ళ మీద పడటం. మనిషి రెండు మోకాళ్ళూ ఆనించినా మాట ఏకవచనంలోనే ఉంటుంది. ఒక దేశాన్ని లొంగదీసుకోవడం గురించి ఇంగ్లీషులో బ్రింగ్ టు ఇట్స్ నీస్ అంటే, స్వీడిష్‌లో త్వింగా పో క్నే, అంటే బలవంతంగా మోకరిల్లజేయడం.

రెండోది పో క్నేనా. నిర్దిష్ట బహువచనం. గో పో క్నేనా, అక్షరాలా మోకాళ్ళ మీద నడవడం, అంటే ఒళ్ళు హూనమై ఇక ఓపిక లేక ఎలాగో నెట్టుకురావడం. ఆసుపత్రుల్లో సిబ్బంది చాలడం లేదని రాసే వార్తల్లో పెర్సునాలెన్ గోర్ పో క్నేనా అన్న మాట తరచూ కనిపిస్తుంది. దీన్ని సిబ్బంది మోకరిల్లారు అని తెలుగు చేస్తే లొంగిపోయారనో ప్రార్థిస్తున్నారనో అర్థం వస్తుంది. సిబ్బంది అలసి సొలసి ఉన్నారు అనాలి. ఇక్కడ ఎవరికీ ఎవరూ లొంగలేదు.

మూడోది పో సీనా బారా క్నేన్. తన ఒట్టి మోకాళ్ళ మీద అని. బతిమాలడానికి ఇది. ఇంగ్లీషులో ఆన్ బెండెడ్ నీ అంటారు కదా, అక్కడ మోకాలు వంగింది, ఇక్కడ మోకాలికి ఆచ్ఛాదన లేదు. అడిగేవాణ్ణి బట్టి సీనా మారుతుందని మర్చిపోకూడదు. నేనే బతిమాలుతుంటే యా బేర్ దేయ్ పో మీనా బారా క్నేన్. మనకు కాళ్ళావేళ్ళా పడటం అన్న మాట ఉంది. భావం సరిగ్గా అతికేది దానితోనే, మోకాలి ఊసే అక్కరలేదు.

వీటి పక్కనే ఇంకో జంట ఉంది. బొయా క్నే అంటే మోకాలు వంచడం, ఇంగ్లీషు బెండ్ ద నీ లాగే ఒకరి అధికారానికి తలొగ్గడం. అవే రెండు ముక్కల్ని తిరగేసి అతికిస్తే క్నేబొయ్. అది వ్యాయామశాలలో తీసే గుంజీల లాంటి స్క్వాట్. శిక్షకుడు మూడు విడతల క్నేబొయ్ అంటే మోకరిల్లమని కాదు, బరువు మోస్తూ కూర్చుని లేవమని. మళ్ళీ క్నేబొయా అని క్రియ చేస్తే అది చర్చిలో మోకరిల్లడానికి కూడా వాడతారు. సందర్భం చూడకుండా ఈ మాటను ముట్టుకోవద్దు. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ జాతీయగీతం వేళ మోకాలు ఆనించి నిరసన తెలిపినప్పటి నుంచి ఇంగ్లీషులో టేక్ ఎ నీ అన్న మాటకు ఆ అర్థం స్థిరపడింది. మామూలుగా మోకరిల్లడం అనే నీల్ అన్న ఇంగ్లీషు క్రియకు ఆ రంగు లేదు. స్వీడిష్‌లో మాత్రం గో నేర్ పో క్నే అని మామూలు మాటే వాడతారు, పెళ్ళికి ఒప్పుకోమని అడగడానికి కూడా అదే. నిరసన అన్న సంగతి వాక్యంలో విడిగా చెప్పాలి.

నీ జెర్క్ రియాక్షన్ దగ్గర స్వీడిష్ పూర్తిగా వేరే దారి పట్టింది. మోకాలి చిప్ప కింది స్నాయువు మీద చిన్న సుత్తితో కొడితే తొడ ముందువైపు కండరం సాగుతుంది. ఆ కబురు వెన్నుపాముకు చేరి, మెదడు నిర్ణయం కోసం ఆగకుండా అక్కడి నుంచే తిరిగి వస్తుంది, కాలు ఎగురుతుంది. 1875లో జర్మనీలో విల్హెల్మ్ ఎర్బ్, కార్ల్ వెస్ట్‌ఫాల్ ఎవరికి వారుగా దీన్ని వర్ణించారు. ఆలోచించకుండా ఠక్కున స్పందించడాన్ని ఇంగ్లీషు కంటికి కనబడిన మోకాలితో చెప్పుకుంది. స్వీడిష్ రిగ్‌మేర్య్స్‌రెఫ్లెక్స్ అంది, అంటే వెన్నుపాము ప్రతిచర్య. శరీరశాస్త్రం ప్రకారం స్వీడిష్ మాటే కచ్చితమైనది. వైద్యుడు చేసే పరీక్షకు మాత్రం క్నేరెఫ్లెక్స్ అన్న మాట ఉంది. రాజకీయ వ్యాసంలో క్నేరెఫ్లెక్స్ అని రాస్తే వైద్యం వాసన వేస్తుంది.

వీక్ అనే విశేషణంతో ఇంగ్లీషులోనే రెండు మాటలున్నాయి. వీక్ ఎట్ ద నీస్ అంటే ప్రేమతోనో భయంతోనో కాళ్ళు తేలిపోవడం, స్వీడిష్‌లో క్నేస్వాగ్ దానికి సరిపోతుంది. వీక్‌నీడ్ అంటే గట్టిగా నిలబడలేని పిరికితనం. దీనికి క్నేస్వాగ్ పెడితే పిరికి నాయకుడు కాస్తా ప్రేమలో పడ్డవాడవుతాడు. ఫేగ్ అనాలి, అంటే పిరికి. ఇంకా ఘాటుగా కావాలంటే రిగ్‌రాద్స్‌లోస్, వెన్నెముక లేనివాడు.

చిన్నప్పటి నుంచి అనడానికి అమెరికన్లు నీ హై టు ఎ గ్రాస్‌హాపర్ అంటారు, మిడత మోకాలంత ఎత్తు అని అతిశయోక్తి. స్వీడిష్‌లో త్వేర్‌హాండ్ హోగ్. త్వేర్‌హాండ్ అంటే అరచేతి అడ్డం కొలత. మన బెత్తెడు అచ్చంగా అదే! వాడు బెత్తెడున్నప్పటి నుంచి తెలుసు అంటే స్వీడిష్ నుడికారం మొత్తం తెలుగులోకి దిగిపోతుంది. ఎట్ హిజ్ మదర్స్ నీ, అంటే తల్లి దగ్గర నేర్చుకున్నది అన్న మాటకు కూడా స్వీడిష్‌లో మూడెర్స్‌మ్యెల్కెన్, తల్లిపాలతో అనడమే సహజం. ఉగ్గుపాలతో అనుకోండి. ద బీస్ నీస్ 1920ల అమెరికన్ వాడుకలో భేషైనది అన్న అర్థంతో పాకిన మాట. దాన్ని తేనెటీగ మోకాళ్ళుగా స్వీడిష్‌లోకి తెస్తే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టే. టొప్పెన్ అంటే చాలు. మన మోకాలడ్డడం కూడా మోకాలితో పోదు. స్వీడిష్‌లో సెట్టా షెప్పార్ ఈ యూలెట్, అంటే చక్రంలో కర్రలు పెట్టడం.

ఇంగ్లీషులో జోడీ లేని ఒక స్వీడిష్ మాటకు కాస్త సమయం ఇవ్వాలి: క్నేసెట్టా, మోకాలి మీద కూర్చోబెట్టడం. స్కాండినేవియాలో పాత నార్స్ భాష మాట్లాడే కాలంలో ఒక పిల్లవాణ్ణి ఒడిలోకి తీసుకుంటే పెంపకానికి స్వీకరించినట్టు. పదో శతాబ్దంలో నార్వే రాజు హరాల్డ్ దూత, హరాల్డ్ కొడుకైన బాల హాకన్‌ను తీసుకెళ్ళి ఇంగ్లండు రాజు ఆథెల్‌స్టన్ మోకాలి మీద కూర్చోబెట్టాడని ఐస్లాండు సాగాలు, అంటే అక్కడి పాత వచన కథలు, చెబుతాయి. పరుల బిడ్డను పెంచేవాడు ఆ తండ్రికంటే తక్కువవాడన్న లెక్క ఉండేది కాబట్టి అది ఆథెల్‌స్టన్‌కు అవమానం. నేటి స్వీడిష్‌లో పిల్లలు పోయి ఆలోచనలు మిగిలాయి. ప్రభుత్వం ఒక సూత్రాన్ని క్నేసెట్టా చేసిందంటే అధికారికంగా తనదిగా స్వీకరించిందని. గ్రాంథికపు వాసన ఉన్న మాట, సంపాదకీయాల్లో, నివేదికల్లో దొరుకుతుంది. ఇంటి మాటల్లో వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

పడవల పనివాళ్ళ దగ్గర రెండు భాషలూ కలిసే నడుస్తాయి. ఓడ పక్కచట్రానికీ పైఅంతస్తు దూలానికీ మూలలో బిగించే వంపు కొయ్యను ఇంగ్లీషులో నీ అనే, స్వీడిష్‌లో క్నే అనే అంటారు. 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోంలో మునిగి, 1961లో పైకి తీసిన వాసా ఓడలో ఆ కొయ్యల్ని చూడవచ్చు. క్నెక్కెబ్రోద్ అనే కరకరలాడే రొట్టెకు మాత్రం మోకాలితో ఏ సంబంధమూ లేదు. అది పగిలే చప్పుడు నుంచి పుట్టిన మాట.

ఇక రోజూ పనికొచ్చే మాటలు, నొప్పి వచ్చినప్పటివి. మోకాలి చిప్ప క్నేస్కోల్. ఇంగ్లీషు దాన్ని టోపీ అంది, స్వీడిష్ గిన్నె అంది, మన చిప్ప స్వీడిష్ పక్షాన ఉంది. కీలు క్నేలేద్. మోకాలి వెనక మడత క్నేవెక్, పామరులు కూడా వాడే మాట. ఇంగ్లీషులో దానికి వాడుక మాట లేదు, వర్ణించి చెప్పుకోవాలి. ఈ సమాసాలన్నీ కలిపి ఒకే మాటగా రాయాలి. ఇంగ్లీషు అలవాటుతో విడదీసి రాస్తే స్వీడిష్‌లో అది తప్పు.

స్వీడన్‌లో ఆరోగ్య సలహాకు ఫోను నంబరు 1177. నొప్పి చెప్పడానికి యా హార్ ఉంట్ ఈ క్నేట్ అనాలి, అంటే నాకు ఆ మోకాలిలో నొప్పి. ఇంగ్లీషు మై నీకి అనువాదంగా మిట్ చేర్చి ఈ మిట్ క్నే అంటే అవతలివాళ్ళకు అర్థమవుతుంది కానీ అది పిల్లి నా ఒడిలో పడుకుంది అనేటప్పటి పొందిక. శరీర భాగాలకు స్వీడిష్‌లో నాది, నీది అనే మాటలు చేర్చకుండా ప్రత్యయమే వాడతారు. మోకాలు బిగుసుకుపోతే క్నేట్ లోసెర్ సేయ్. నడుస్తుండగా మోకాలు మడతపడి పడబోతే క్నేట్ వీకెర్ సేయ్. ఈ రెండూ తప్పకుండా నేర్చుకోండి. చిరిగిన మెనిస్కస్‌నూ (కీలులోని దిండు లాంటి మృదులాస్థి) తెగిన లిగమెంటునూ (ఎముకల్ని కలిపే పట్టీ) అనుమానించడానికి నర్సు అడిగే ప్రశ్నలు ఇవే. క్రికెట్ వార్తల్లో ఏసీఎల్ అనే లిగమెంటు స్వీడిష్‌లో ఫ్రెమ్రె కోర్ష్‌బాండెట్. కీలు మార్పిడికి క్నేప్రొటేస్. ఆ శస్త్రచికిత్సలకు జాతీయ రిజిస్టరు 1975లోనే మొదలుపెట్టిన దేశం కాబట్టి, పత్రాల్లో ఈ మాట విరివిగా కనిపిస్తుంది.

అన్నిటికంటే నష్టం చేసేది లోపార్‌క్నే. అక్షరాలా రన్నర్స్ నీ. కానీ ఇంగ్లీషులో రన్నర్స్ నీ అంటే ఎక్కువగా మోకాలి చిప్ప చుట్టూ, ముందువైపు వచ్చే నొప్పి. స్వీడిష్ లోపార్‌క్నే మోకాలి బయటి పక్క నొప్పి, తొడ పక్కగా దిగే పట్టీ లాంటి కణజాలం వల్ల వచ్చేది. రెండింటికీ వ్యాయామాలు వేరు. ఇంగ్లీషు వీడియోలో రన్నర్స్ నీ అని చూసి, ఫిజియోథెరపిస్టుకు లోపార్‌క్నే అని చెబితే, ఆయన మనసులో వేరే రోగం మెదులుతుంది. అందుకే రోగం పేరు చెప్పకుండా చోటు చెప్పండి: ముందువైపు అయితే పో ఫ్రామ్‌సీదాన్, బయటి పక్క అయితే పో ఊట్‌సీదాన్, లోపలి పక్క అయితే పో ఇన్‌సీదాన్, వెనక మడతలో అయితే ఈ క్నేవెకెట్.