మొహం ఉబ్బితే కార్టిసోల్‌నే తప్పుపట్టాలా?

(తిరుపతిలో ఉదయపు నడకకు వచ్చేవారి ఆదివారం సమావేశంలో ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నడక అయ్యాక టిఫిన్‌కి వెళ్లకుండా ఇక్కడ కూర్చున్నారంటే మీ ఓపికకు దండం పెట్టాలి. ఆకలి మీద ఉన్నవాళ్లకు తిండి గురించి చెప్పడం అన్యాయమే, కానీ నాకిచ్చిన విషయం అది.

ఈ మధ్య ఓపీకి వచ్చే పిల్లలు బాధేమిటో చెప్పడం మానేసి పరీక్ష పేరు చెబుతున్నారు. "సార్, కార్టిసోల్ టెస్ట్ రాసివ్వండి" అంటారు. ఎందుకమ్మా అని అడిగితే ఫోన్ తీసి ఒక రీల్ చూపిస్తారు. ఒక ఫోటోలో ఉబ్బిన మొహం, పక్క ఫోటోలో సన్నని చెంపలు. టెన్షన్‌కు కార్టిసోల్ అనే హార్మోన్ పెరిగి మొహం ఉబ్బిందని, టెన్షన్ తగ్గించుకుంటే తగ్గిందని కింద రాసుంటుంది. దీనికి 'కార్టిసోల్ ఫేస్' అని పేరు కూడా పెట్టేశారు. అందులో నిజం కొంత ఉంది, కలిపింది చాలా ఉంది.

కార్టిసోల్ మనకు శత్రువేమీ కాదు. రెండు కిడ్నీల పైన చెరొక అడ్రినల్ గ్రంథి ఉంటుంది, అక్కడ తయారవుతుంది. తెల్లవారుజామున పెరగడం మొదలై, మనం నిద్రలేచే వేళకు బాగా ఎక్కువగా ఉండి, సాయంత్రానికి దిగుతూ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. అది చాలకపోతే బీపీ నిలవదు, షుగర్ పడిపోతుంది, మంచం దిగలేం. కార్టిసోల్ కావాలని మెదడులోని హైపోథలమస్ అనే భాగం దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది, పిట్యూటరీ అడ్రినల్‌కి చెబుతుంది. చాలినంత రాగానే ఆ కబురు పైకి చేరి ఉత్పత్తి తగ్గిపోతుంది.

అలిపిరి నడకదారిలో చిరుత కనబడిందని ఎవరో కేకేశారనుకోండి. గుండె దడదడలాడేది అడ్రినలిన్ అనే ఇంకో హార్మోన్ వల్ల, అది క్షణాల్లో పని. కార్టిసోల్ కొన్ని నిమిషాలు ఆగి పెరుగుతుంది. చిరుత లేదు, కుక్క అని తేలిందా, గంటా రెండు గంటల్లో మళ్లీ దిగిపోతుంది. ఇంటి లోను, పిల్లల చదువు, ఇంట్లో పోట్లాట, ఇవి రోజూ ఉండే టెన్షన్లు. ఇవీ కార్టిసోల్‌ని పెంచుతాయి, దాని దినచర్యను కాస్త చెడగొడతాయి. అయితే చెంపల్లో కొవ్వు పేరుకునే స్థాయికి తీసుకుపోవడం వీటి వల్ల కాదు.

ఆ స్థాయికి పోతే దాన్ని కుషింగ్స్ అంటాం. హార్వే కుషింగ్ అనే అమెరికా మెదడు సర్జన్ 1912లో ఇలాంటి రోగి గురించి రాశారు. 1932లో ఆ జబ్బుకు పిట్యూటరీలోని చిన్న గడ్డతో ఉన్న సంబంధాన్ని వివరించారు. మొహం గుండ్రంగా, ఎర్రగా అవుతుంది. పక్కనుంచి చూస్తే చెంపలు చెవులను కమ్మేస్తాయి. మెడ వెనక కొవ్వు దిబ్బ, పొట్ట ముందుకు, కాళ్లూ చేతులూ మాత్రం సన్నం. పొట్ట మీద వేలెడంత వెడల్పు ఊదారంగు చారలు. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. నేల మీద కూర్చున్న మనిషి చెయ్యి ఊనకుండా లేవలేడు. బీపీ, షుగర్ కొత్తగా మొదలవుతాయి. ఒంట్లోనే గడ్డ పుట్టి ఈ జబ్బు రావడం చాలా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో ఏ కొద్దిమందికో.

మరి మన దగ్గర గుండ్రటి మొహాలు తరచుగా కనబడుతున్నాయే, అవెక్కడివి? మాత్రల నుంచి వచ్చినవి. ఈ మాట ఇంకాస్త గట్టిగా చెబుతాను.

1948లో కార్టిసోల్‌కు దగ్గరి చుట్టమైన కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందును మొదటిసారి కీళ్లవాతం రోగికి ఇచ్చారు. మంచం పట్టిన మనిషి లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. కొంతకాలానికే ఆ రోగుల మొహాలు గుండ్రంగా మారడమూ డాక్టర్లు చూశారు. మందు గొప్పదే. ఆయాసం ముదిరినప్పుడు, కొన్ని కిడ్నీ జబ్బుల్లో, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్‌లో ప్రాణం నిలబెట్టేది ఇదే. నా గొడవంతా డాక్టరు చీటీ లేకుండా వాడే స్టెరాయిడ్‌తో. మోకాళ్ల నొప్పికి, దురదకు, 'బక్కగా ఉన్నావు, ఒళ్లు చేస్తుంది' అని పెళ్లీడు పిల్లలకు, చిన్న కాగితంలో రెండు మూడు రంగుల మాత్రలు కలిపి చుట్టి ఇస్తారు. వాటిలో ఒకటి డెక్సామెథసోనో, బీటామెథసోనో అనే స్టెరాయిడ్ అయి ఉంటుంది. అర మిల్లీగ్రాము మాత్ర ఎంత చిన్నదో మీకు తెలుసు. మీ రెండు అడ్రినల్ గ్రంథులు రోజంతా కష్టపడి చేసే కార్టిసోల్‌కు దాదాపు సమానమైన బలం ఆ ఒక్క మాత్రలో ఉంది. రోజుకు రెండేసి చొప్పున నెలల తరబడి వేసుకుంటే మొహం ఏమవుతుందో వేరే చెప్పాలా? నాటుమందు పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు ఉన్నాయి. వేసుకున్న మర్నాడే నొప్పులన్నీ ఎగిరిపోయాయంటే సంతోషపడకండి, అనుమానపడండి.

ఇంకో మాట. అనుమానం వచ్చింది కదా అని ఆ మాత్ర ఇవాళే ఆపేయకండి. బయటి నుంచి దండిగా వస్తున్నంత కాలం మన గ్రంథులు పని మానేసి ఉంటాయి. మందు హఠాత్తుగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతాయి. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. స్టెరాయిడ్ క్రీముల వల్ల మొహం సాధారణంగా ఇలా గుండ్రం కాదు, చర్మం పలచబడి ఎర్రబారి మొటిమలు వేస్తుంది. అలాంటి క్రీములను 2018లోనే కేంద్రం చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అంగట్లో అడిగితే ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారు, అది మీకూ తెలుసు.

సరే, ఏ మాత్రలూ వాడనివాళ్ల సంగతి? పొద్దున లేవగానే కళ్ల కింద సంచులు, చెంపలు బరువు, పదకొండు గంటలకల్లా మామూలు. ఇది కొవ్వు కాదు, నీరు. కొవ్వు పదకొండు గంటలకు కరిగిపోదు.

ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని ఉంటుంది, ఎప్పుడైనా చదవండి. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు అని దానర్థం. ఒంట్లో కణాల బయట ఉండే నీటిలోనూ ఇంచుమించు ఆ పాళ్లే, వాటిని చెడనివ్వకుండా కాపాడుకోవడం శరీరానికి ప్రాణావసరం. అందుకే ఉప్పు ఎక్కువైతే దాహం పట్టి నీళ్లు తాగిస్తుంది, తాగిన నీటిని కిడ్నీ పట్టి ఉంచుతుంది. నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే టీస్పూను కన్నా కాస్త తక్కువ, ఒంట్లో నిలిచిందంటే దాంతోపాటు అర లీటరు నీళ్లు నిలిచినట్టే. కిడ్నీలు బాగుంటే ఒకటి రెండు రోజుల్లో పంపేస్తాయి. ఈలోగా మనం మళ్లీ తింటాం. పగలు నిలబడి తిరుగుతాం కాబట్టి ఆ నీరు కాళ్లలోకి దిగుతుంది. రాత్రి పడుకుంటే పైకి సర్దుకుంటుంది. కంటి రెప్పల చర్మం ఒంట్లోకెల్లా పలచన, దాని కింది పొర వదులు. అందుకే ముందు అక్కడ బయటపడుతుంది.

రోజుకు 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కూర, పప్పు, చారు, చట్నీ, మజ్జిగ, అన్నింట్లోనూ కలిపి. మన ప్రాంతపు తిండి చెడ్డదేమీ కాదు. రాగి సంగటిలో ఉప్పు ఎంతుంటుంది? అసలు ఉప్పంతా దాని పక్కన ఉంటుంది: ఊరిమిండి, ఊరగాయ, వేయించిన చల్ల మిరపకాయ, వడియం. ఊరగాయ ఏడాది నిలిచేదే ఉప్పు బలం మీద. తూకంలో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉప్పు ఉంటుంది. పెద్ద చెంచాడు వేసుకుంటే గ్రామున్నర అక్కడే అయిపోయింది. నూడుల్స్ ప్యాకెట్ ఒకటి తింటే దాదాపు రెండు గ్రాములు. అప్పడంలో, బజ్జీల పిండిలో వేసే సోడాలోనూ ఉప్పులో ఉండే సోడియమే ఉంటుంది, నాలుకకు ఉప్పగా తెలియదు, అంతే. లడ్డూ గురించి నేనేమీ మాట్లాడను, తిరుపతిలో ఉంటూ ఆ సాహసం చేయలేను.

శనివారం ఒక్కపొద్దు ఉండి ఆదివారం పూరీ, బిర్యానీ, స్వీట్లు పట్టు పట్టేవాళ్లు మనలో ఉన్నారు. సోమవారం పొద్దున వాళ్ల మొహం గమనించండి. తిన్న పిండి పదార్థం గ్లైకోజన్‌గా నిలవ అయ్యేటప్పుడు గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని వెంట ఉంచుకుంటుంది. తీపి తిన్నాక పెరిగే ఇన్సులిన్ ఉప్పును వదలొద్దని కిడ్నీకి చెబుతుంది. ఉప్పు ముట్టకుండా స్వీట్లు మాత్రమే తిన్నా కాస్త బరువెక్కేది అందుకే.

టెన్షన్ ఎక్కడ కలుస్తుందో ఇప్పుడు చూడండి. మన ఊరు రాత్రి పడుకోదు. రైలు దిగేవాళ్లు అర్ధరాత్రి దిగుతారు, టాక్సీలు మూడు గంటలకు కదులుతాయి. లాడ్జి కౌంటర్లో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడిని తీసుకోండి. గదులు లేవంటే యాత్రికులు అరుస్తారు, ఉన్నాయంటే రేటు మీద అరుస్తారు. పన్నెండుకు బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్, సాస్ దండిగా వేయించుకుంటాడు. రెండింటికి టీ, ఉప్పు బిస్కెట్లు. పొద్దున ఏడుకు గదికెళ్లి పడుకుంటాడు, ఎండకు, హారన్లకు నాలుగు గంటల్లోనే లేస్తాడు. కార్టిసోల్ దిగాల్సిన వేళ మెలకువ, పెరగాల్సిన వేళ నిద్ర. నిద్ర చాలని ఒంటికి, టెన్షన్‌లో ఉన్న మనసుకు పచ్చికూరలు గుర్తు రావు, ఉప్పూ నూనే తీపే కావాలనిపిస్తుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారేవాళ్లదీ ఇదే తంతు. ఆదివారం రాత్రి మందు పార్టీ కలిస్తే నిద్ర ఇంకా చెడుతుంది, దాంతో నంజుకునే మిక్చరూ చికెనూ ఉప్పు సంగతి చూసుకుంటాయి. టెన్షన్ మొహం మీదికి ఎక్కువగా వచ్చే దారి ఇది. ఏళ్ల తరబడి సాగితే బరువు పెరిగి చెంపలకూ కొవ్వు పడుతుంది, ఆ మాట కాదనను.

చదువుకున్నవాళ్లు అడగొచ్చు, కార్టిసోల్‌కే నేరుగా ఉప్పును పట్టి ఉంచే గుణం ఉంది కదా అని. ఉంది. కానీ ఆ పనికి ఆల్డోస్టెరాన్ అని వేరే హార్మోన్ ఉంది. కార్టిసోల్ దాని పని నెత్తిన వేసుకోకుండా కిడ్నీలో ఒక ఎంజైమ్ అడ్డుపడి, దాన్ని అక్కడ పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. ఈ ఎంజైమ్‌ను ఆపేసే వస్తువు ఒకటి మన ఇళ్లలోనే ఉంది, అతిమధురం. గొంతు గరగరకు ఒకరోజు చిన్న ముక్క నములితే ఏమీ కాదు. బరువు తగ్గే టీ అనో, కడుపు మంటకనో వారాల తరబడి రోజూ వాడితే నీరు పడుతుంది, బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మందులేవి వాడుతున్నారంటే ఎవరూ దీని పేరు చెప్పరు, మేం ప్రత్యేకంగా అడగాలి.

మొహం ఉబ్బు వెనక వేరే జబ్బులుంటే వాటిని టెన్షన్ ఖాతాలో వేయకండి. పొద్దున మొహం ఉబ్బి, మూత్రం నురగలు కడితే కిడ్నీ పరీక్ష ముందు. నీరసం, చలి, మలబద్ధకం, గొంతు బొంగురు ఉంటే థైరాయిడ్. ఐదో నెల దాటిన గర్భిణికి మొహం, చేతులు వాచి తలనొప్పి ఉంటే ఆ రోజే బీపీ చూడాలి, మర్నాటికి పెట్టుకోకూడదు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందు వాడేవాళ్లకు పెదాలు, నాలుక ఉన్నట్టుండి వాస్తే నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి. ఒక పక్కే వాచి నొప్పి, జ్వరం ఉంటే పన్ను చూపించండి.

ఇక ఆ టెస్ట్. ఏదో ఒక వేళ రక్తం తీసి కార్టిసోల్ చూస్తే అంకె వస్తుంది, అర్థం రాదు. పొద్దున తీస్తే ఎక్కువ, సాయంత్రం తీస్తే తక్కువ, సూదికి భయపడితే ఇంకాస్త ఎక్కువ. కుషింగ్స్ అనుమానం నిజంగా ఉంటే రాత్రి 11 గంటలకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి మర్నాడు పొద్దున ఎనిమిదికి చూస్తాం, లేదా అర్ధరాత్రి ఉమ్ములోనో, 24 గంటల మూత్రంలోనో చూస్తాం. వాటికన్నా ముందు నేను అడిగేది ఆధార్ కార్డు. నవ్వకండి. ఆ ఫోటో ఎంత అధ్వానంగా ఉన్నా, కొన్నేళ్ల కిందట మొహం ఎలా ఉండేదో చెబుతుంది. పాత ఫోటో, ఇప్పటి మొహం పక్కపక్కన పెట్టి చూడటం మేం నిజంగా చేసే పని.

ఇంట్లో ఏం చేయాలంటే, రెండు వారాలు రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, ఊరగాయ, అప్పడం, బయటి తిండి ఆపి, మజ్జిగలో ఉప్పు మానేసి చూడండి. తల కింద ఇంకో దిండు పెట్టుకోండి. నీళ్లు తగ్గించొద్దు, తగ్గించాల్సింది ఉప్పు. పొద్దున ఐస్ ముక్కలు రుద్దితే కాసేపు బిగువుగా ఉంటుంది, సరదా ఉంటే చేసుకోండి. నీరు తీసే మాత్రలు సొంతంగా కొని వేసుకోకండి. ఆపగానే ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది, మళ్లీ వేసుకుంటారు, మానలేని అలవాటవుతుంది. రెండు వారాలైనా ఉబ్బు మధ్యాహ్నం దాకా ఉండిపోతుంటే, కాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడుతుంటే, డాక్టరు దగ్గరికి రండి.

తక్కువ సోడియం ఉప్పు వాడొచ్చా అని చీటీ మీద ఎవరో అడిగారు. అందులో సోడియం కొంత తీసి పొటాషియం కలుపుతారు. చాలామందికి మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రామిప్రిల్, టెల్మిసార్టాన్ రకం బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం అడగకుండా కొనొద్దు, పొటాషియం పెరిగితే గుండెకు ముప్పు. రోజూ కొబ్బరినీళ్లు తాగే కిడ్నీ రోగులకూ ఇదే మాట.

బీపీ మిషన్ తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. మీరు వాడే మాత్రల అట్టలు తెమ్మని నిర్వాహకులు ముందే చెప్పారట. తెచ్చినవాళ్లు ముందు రండి, అట్ట వెనక సన్న అక్షరాల్లో ఏముందో చదివి చెబుతాను.