అంగారకుడి మీద చీకటి పడ్డాక

అందరికీ నమస్కారం.

ఆకాశం గురించి ఎక్కడ మాట్లాడినా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు: "వేరే గ్రహం మీద నిలబడితే కనిపించేవి ఈ చుక్కలేనా, వేరేవా?" ఇవేనండీ. సప్తర్షులు అక్కడా ఏడుగురే. గొల్లకావడి వంకర పోదు. అంగారకుడి నుంచి మన దాకా రావడానికి వెలుగుకి సగటున పన్నెండు నిమిషాలు చాలు. అదే, సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గరున్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారి నుంచి రావాలంటే 4.24 ఏళ్లు. నాలుగేళ్ల దూరంలో ఉన్నదాన్ని పన్నెండు నిమిషాలు పక్కకి జరిగి చూస్తే తేడా ఏం తెలుస్తుంది?

అసలు చుక్కలు కనబడాలి కదా, అంటే శుక్రుడి మీద ఆ ఆశ లేదు. ఆమ్లపు మబ్బులు గ్రహమంతా కప్పేసి ఉంటాయి. బుధుడిది పూర్తిగా ఎదురు కథ. గాలి లేదు కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది. ఒక పగలూ రాత్రీ గడవడానికి మన లెక్కలో 176 రోజులు.

నాకు మాత్రం అంగారకుడి రాత్రే ఇష్టం. అక్కడ పొద్దు నీలంగా గుంకుతుంది. గాలిలో తేలే సన్నటి ధూళి మిగతా రంగుల్ని నలుమూలలా చెదరగొట్టి, నీలాన్ని మాత్రం సూర్యుడి చుట్టుపక్కలే ఉంచుతుంది. చీకటి పడ్డాక ఉత్తరం ఎటో తెలుసుకుందామని ధ్రువ నక్షత్రం కోసం వెతక్కండి, పాపం అక్కడ దాని ఉద్యోగం ఊడింది! ఆ గ్రహం ఇరుసు హంస రాశి వైపు తిరిగి ఉంటుంది. సరిగ్గా ఆ చోట మెరిసే చుక్కేదీ లేదు.

ఇక చందమామలు రెండు. ఫోబోస్ పడమట పొడిచి తూర్పున అస్తమిస్తుంది. అంగారకుడు ఒక్కసారి తన చుట్టూ తాను తిరిగేలోపు అది మూడు చుట్లు కొట్టేస్తుంది మరి. సుమారు నాలుగు గంటల్లో ఆకాశం దాటేసి, అదే రోజు మళ్లీ పడమట తేలుతుంది. డైమోస్ దీనికి పూర్తిగా ఎదురు, ఒట్టి బద్ధకస్తురాలు. తూర్పునే పొడుస్తుంది గానీ, రెండున్నర రోజులు దాటినా దిగదు.

మనం ఎలా కనిపిస్తాం? 2014 జనవరి 31న అంగారకుడి మీద తిరిగే నాసా బండి, క్యూరియాసిటీ రోవర్, పొద్దు గుంకిన గంటా ఇరవై నిమిషాలకి, పడమటి దిక్కుకి కెమెరా తిప్పింది. కొండ అంచుకి పైన ఒక చుక్క. దాన్ని పెద్దది చేసి చూస్తే కింద ఇంకో చిన్న చుక్క. భూమి, చంద్రుడు. అప్పుడు అంగారకుడికీ భూమికీ మధ్య దూరం 16 కోట్ల కిలోమీటర్లు. మామూలు చూపున్న మనిషి అక్కడ నిలబడి ఉంటే రెంటినీ విడివిడిగా చూసేవాడట.

చుక్కల బొమ్మలు చెదరాలంటే ఆ ప్రాక్సిమా దగ్గరికే పోవాలి. అక్కడి నుంచి చూస్తే, మన రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ఎక్కువ మెరిసే చుక్క లుబ్ధకం వచ్చి ఆర్ద్ర పక్కన చేరుతుంది. శర్మిష్ఠ రాశిలో ఒక చుక్క ఎక్కువవుతుంది. ఆ ఎక్కువైనది మన సూర్యుడు.

అంత దూరం వద్దనుకునేవాళ్లు ఒక తేదీ రాసిపెట్టుకోండి. 2084 నవంబరు 10. ఆ రోజు అంగారకుడి మీద ఉన్నవాళ్లకి సూర్యుడి ముందు నుంచి ఒక నల్లటి చుక్క మెల్లగా జరుగుతూ కనిపిస్తుంది. అది భూమి. 1984 మేలో కూడా ఇలాగే జరిగింది గానీ, చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు.