డాక్టరుకి ముందు మేక సంగతి చెప్పండి

అన్నలారా, అక్కలారా, మైకు వద్దులే, కొంచెం దగ్గరికి జరగండి. నేను డాక్టరును కాను, మహారాష్ట్ర కొసన మన ఈ సిరొంచ చుట్టుపక్కలే పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషిని. పశువుల నుంచి మనిషికి అంటే బ్రూసెల్లోసిస్ అనే జ్వరం గురించి చెబుతా, ఈ రోగం నాకు పుస్తకంలో కంటే ముందు ఒంట్లోనే తెలిసింది.

ఒక బర్రె ఏడో నెలలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది, మాయ పడలేదు. గ్లౌజులు లేవు, వేలికి గాయం కూడా ఉంది, అయినా చెయ్యి పెట్టి తీశాను, అప్పట్లో అదో గొప్ప. మూడు వారాలకు జ్వరం మొదలైంది. సందెపూట రావడం, రాత్రి దుప్పటి పిండేంత చెమట, తెల్లారితే ఏమీ లేనట్టే ఉండటం, నడుము మాత్రం ఎవరో విరిచినట్టు నొప్పి. టైఫాయిడ్ అన్నారు, మందులు వేసుకున్నా, తగ్గింది, మళ్లీ వచ్చింది, ఇట్లా నాలుగు నెలలు. డాక్టర్లు బర్రె సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. పశువుల దవాఖానలో జీతం తీసుకుంటూ నాకే తట్టలేదు చూడండి!

అదే ఈ బ్రూసెల్లోసిస్. మాల్టా దీవిలో సైనికులకు ఇట్లాంటి జ్వరమే వస్తుంటే 1887లో డేవిడ్ బ్రూస్ అనే డాక్టరు ఆ క్రిమిని పట్టుకున్నాడు, కానీ అది ఎక్కడి నుంచి వస్తుందో తెలియడానికి 1905 దాకా పట్టింది. చూడబోతే మేకపాలు. ఆ మేకలు పైకి బాగానే ఉన్నాయి మరి, ఎవరికి అనుమానం వస్తుంది? సైనికులకు ఆ పాలు ఆపేశాక జ్వరాలు బాగా తగ్గిపోయాయి.

అందుకే గుమ్మపాలు బలమని పొదుగు దగ్గరే పిల్లలకు తాగించకండి, పొంగు వచ్చేదాకా కాచండి. మేకల్లో, గొర్రెల్లో ఉండే రకం ఆవులదానికంటే మనిషిని ఎక్కువ బాధపెడుతుంది. ఈసుకుపోయిన పిల్లను, మాయను వట్టి చేత్తో ముట్టొద్దు, కుక్కలకు వెయ్యొద్దు, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. కడుపుతో ఉన్న ఆడవాళ్లను అటు రానివ్వకండి, వాళ్లకూ కడుపు పోయే ప్రమాదం ఉంది. మగవాళ్లకు వృషణాలు వాస్తాయి, సిగ్గుపడి దాచుకుంటే నష్టం మీకే.

జ్వరం వారం దాటితే గోదావరి వంతెన దాటి అటు తెలంగాణకు పోయినా, ఇటు గడ్చిరోలి పోయినా, ముందు మందలో ఏం జరిగిందో చెప్పండి. మరాఠీ డాక్టరైతే "గాయ్ గాభడ్లీ", అంటే ఆవు ఈసుకుపోయింది అని చెబితే చాలు, అర్థమవుతుంది, రక్తపరీక్ష రాస్తాడు. సాధారణంగా 2 రకాల మందులు కలిపి ఇస్తారు, కనీసం 6 వారాలు. అందులో రిఫాంపిసిన్ కూడా ఉండొచ్చు, అది టీబీకి వాడేదే. నాకు టీబీ అంటగట్టారని టెన్షన్ పడి ఒకాయన మధ్యలో మానేశాడు, రెండు నెలలకు మళ్లీ మంచం పట్టాడు.

టీకా ఉందా అంటే మనుషులకు లేదు. ఆవు, బర్రె పెయ్య దూడలకు ఉంది, 4 నుంచి 8 నెలల వయసులో ఒక్కసారి వేస్తే చాలు, 2019లో మొదలైన కేంద్ర పథకంలో ఉచితం. అది బతికున్న క్రిమితో చేసిన మందు, సూది గుచ్చుకుంటే మనిషికీ అంటుతుంది, కాబట్టి సొంతంగా వేసే తెలివి వద్దు. సరే, ఎవరింట్లో ఎన్ని పెయ్యలున్నాయో చెప్పండి, రాసుకుంటా.