సొంత డబ్బుల సినిమా ఫెస్టివల్ తెర ఎక్కాలంటే

శ్రోతలకు నమస్కారం.

1995లో అమెరికాలోని పార్క్ సిటీలో సన్‌డాన్స్ చిత్రోత్సవం జరుగుతుండగా, అందులో చోటు దొరకని కొందరు దర్శకులు అదే ఊళ్లో, అవే రోజుల్లో తమ సినిమాలు తామే వేసుకున్నారు. అలా పుట్టింది స్లామ్‌డాన్స్. దాని కథాచిత్రాల పోటీకి చాలాకాలంగా ఉన్న షరతులు ఇవి: దర్శకుడికి అది మొదటి సినిమా అయ్యుండాలి, బడ్జెట్ 10 లక్షల డాలర్లు దాటకూడదు, అమెరికాలో పంపిణీదారు ఉండకూడదు.

సొంత జేబులోంచి తీసేవాళ్ల ఖర్చు ఆ పైహద్దు దరిదాపులకు కూడా రాదు. ఉన్న డబ్బు షూటింగ్‌తోనే అయిపోతుంది. చిక్కంతా అక్కడే. 'ఎల్ మరియాచి' అనే సినిమాని 7,000 డాలర్లతో తీశారని అందరూ చెప్పుకుంటారు. నిజమే, కానీ ఆ లెక్క షూటింగ్‌తో, వీడియో మీద చేసిన ఎడిటింగ్‌తో సరి. హాళ్లలో జనం చూసిన 35 ఎంఎం ప్రింటుకూ, మళ్లీ చేసిన సౌండ్ మిక్సింగ్‌కూ స్టూడియో పెట్టింది అంతకు ఎన్నో రెట్లు. ఆ మిగతా సగం ఎవరూ చెప్పరు.

సెలక్షన్ చేసేవాళ్లు చాలా సినిమాలను ల్యాప్‌టాప్‌లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తారు. బొమ్మ కాస్త మసకగా ఉంటే అదో శైలి అనుకోవచ్చు. మాట వినపడకపోతే మాత్రం అక్కడితో సరి. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఒకటుంది. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి, ఓ 30 సెకన్లు ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. దీన్నే రూమ్ టోన్ అంటారు. ఫ్యాను రొద, దూరపు ట్రాఫిక్ అన్నీ అందులో ఉంటాయి. డైలాగుల మధ్య దగ్గునో గుసగుసనో కోసేశాక, ఆ ఖాళీలో ఇది పరవకపోతే శబ్దం గుంటలో పడ్డట్టు తెలిసిపోతుంది. రేడియో వినేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా!

ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వేసుకున్న పాటని అలాగే వదిలెయ్యడం మరో పొరపాటు. పాటకు అనుమతులు రెండు: రచనకూ బాణీకీ ఒకటి, రికార్డింగ్‌కు ఒకటి. ఎవరిచేతనో మళ్లీ పాడిస్తే రెండోది తప్పుతుంది గానీ మొదటిది తప్పదు.

ఇక పంపే వరస. పెద్ద ఉత్సవాలు చాలావరకు తొలి ప్రదర్శన తమదే కావాలంటాయి. అందుకే ముందు వాటికి పంపి, చిన్నవాటి సంగతి తర్వాత చూసుకోవాలి. ఆత్రంగా సినిమాని యూట్యూబ్‌లో అందరికీ తెరిచిపెడితే ఆ తలుపులు చాలా మూసుకుపోతాయి. ఎంట్రీ ఫీజు గడువు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. చూసేది అదే సినిమా, కాబట్టి ఆలస్యానికి కట్టే డబ్బు దండగే. నెలనెలా అవార్డులు పంచి, హాలు ఎక్కడో చెప్పకుండా, ట్రోఫీకి విడిగా డబ్బులడిగే 'ఉత్సవాలు' కూడా ఉన్నాయి. వాటికి దూరంగా ఉండండి.

ఎంపికయ్యాక థియేటర్లకు డీసీపీ ఇవ్వాలి, అంటే డిజిటల్ ప్రింటు. 2కే సైజులో బొమ్మ బాగా వెడల్పుగా ఉండే స్కోప్ అయితే 2048×858 పిక్సెళ్లు, అంత వెడల్పు లేని ఫ్లాట్ అయితే 1998×1080. డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. తేడా కొట్టేది ఫ్రేముల దగ్గర. సెకనుకు 25 ఫ్రేములతో తీసిన 90 నిమిషాల సినిమాని థియేటర్లలో మామూలుగా ఉండే 24కు తగ్గిస్తే 93 నిమిషాల 45 సెకన్లవుతుంది. శబ్దాన్ని కూడా అంతే సాగదీయకపోతే మొదట్లో ఏమీ తెలియదు, పోనుపోను పెదాలొకచోట, మాట ఇంకోచోట. అందుకే మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకోకండి, చివరి రీలు దాకా చూడండి. కాపీ కొట్టకుండా ప్రింటుకు వేసే డిజిటల్ తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, కూడా వద్దు. తాళంచెవి ఫలానా థియేటర్ సర్వర్‌కు, ఫలానా గంటలకే పనిచేస్తుంది. ఆఖరి నిమిషంలో హాలు మారిస్తే సినిమా పడదు.

సబ్‌టైటిల్స్ ఒకసారికి రెండు లైన్లు మించకూడదు. బొమ్మ మీద అక్షరాలు లేని కాపీ ఒకటి విడిగా దాచుకోండి, మరో దేశం వాళ్లు తమ భాషలో వేసుకుంటామని అడుగుతారు.

ప్రదర్శన రోజు షోకి ముందు పది నిమిషాల సౌండ్ చెక్ అడగండి. మిక్సింగ్ చేసేది ఫేడర్, అంటే హాల్లో సౌండ్ పెంచే తగ్గించే మీట, 7 దగ్గర ఉంటుందన్న లెక్కతో. హాళ్లలో చాలాచోట్ల దాన్ని 5 దగ్గరే ఉంచేస్తారు. ప్రొజెక్షన్ గదిలోకి వెళ్లి మర్యాదగా అడిగితే పెంచుతారు.