లంబసింగిలో తెల్లవారి కాఫీ రాత్రే మొదలవుతుంది

[దృశ్యం: చీకటి. టార్చి వెలుగులో తువ్వాలు చుట్టిన స్టీలు ఫిల్టరు. వెనుక మంచులో తడిసిన టెంటు.]

ఉదయం 5 గంటలు. చింతపల్లి దగ్గరి కొండ ఊరు లంబసింగి. టెంటు గుడ్డను వేలితో తాకితే చాలు, మంచునీళ్లు మెడ మీద పడుతున్నాయి. ఇలాంటి సమయంలో పొడి కొలిచి, నీళ్లు మరగబెట్టి, డికాక్షన్ దిగే దాకా బయట కూర్చోవాలంటే నా వల్ల కాదు. మళ్లీ దుప్పట్లోకి దూరిపోతాను. కానీ ఆ పనంతా రాత్రే అయిపోయింది. తువ్వాలు విప్పితే కింది గిన్నెలో డికాక్షన్ సిద్ధంగా ఉంది. ఇక పాలు కాచుకోవడమే.

నమస్కారం. కరెంటు లేని చోట మంచి కాఫీ ఎలా కలుపుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఇందుకోసం కొత్త సామాను కొనాల్సిన అవసరం లేదు. మీ ఇంట్లో అటక మీదో, అలమారా వెనకో ఉన్న మామూలు ఫిల్టరు తీసి బ్యాగులో పెట్టుకోండి. క్యాంపింగ్ కోసమే ఎవరో తయారు చేసినట్లు ఉంటుందది. తీగ లేదు, కాగితం అక్కర్లేదు, పగిలే గాజు లేదు.

[దృశ్యం: కారు డ్యాష్‌బోర్డు. సాకెట్‌కు తగిలించిన చిన్న కెటిల్.]

మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఇంత తెలివి లేదు. కారు సాకెట్‌కు తగిలించే కెటిల్ ఒకటి కొనుక్కొచ్చాను. నలభై నిమిషాల తర్వాత నీళ్లు స్నానానికి పనికొచ్చేంత గోరువెచ్చగా మాత్రం అయ్యాయి. ఆ తర్వాత కారు స్టార్టు కాలేదు. పక్క టెంటు వాళ్లు వచ్చి తోశారు.

ఎందుకు అలా అయిందో ఒక చిన్న లెక్క చూడండి.

[తెరపై: అర లీటరు నీళ్లు, 15 డిగ్రీల నుంచి 97 డిగ్రీలకు = సుమారు 170 కిలోజౌళ్లు]

అర లీటరు చల్లటి నీళ్లు మరగాలంటే సుమారు 170 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఇంట్లో 1500 వాట్ల కెటిల్ ఆ పని రెండు నిమిషాల్లో చేసేస్తుంది. కారు సాకెట్ ఇచ్చేది 12 వోల్టులు. దాని ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లు తట్టుకుంటుంది. అంటే మహా అయితే 120 నుంచి 180 వాట్లు. కెటిల్ 150 వాట్లది అనుకుంటే, రవ్వంత వేడి కూడా వృథా కాకుండా ఉన్నా 19 నిమిషాలు పడుతుంది. ఈ చలిలో వేడి వృథా కాకుండా ఎలా ఉంటుంది? ఒక వైపు కెటిల్ కాస్తుంటే మరో వైపు కొండగాలి ఆర్పుతూ ఉంటుంది.

పవర్ బ్యాంకు సంగతీ అంతే. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ అని రాసి ఉన్న దానిలో నిండా ఛార్జింగ్ ఉన్నా 270 కిలోజౌళ్లు దాటదు. ఒకసారి నీళ్లు కాగుతాయేమో, ఆ తర్వాత ఫోనుకు దిక్కుండదు.

[దృశ్యం: పోర్టబుల్ స్టవ్వు, పక్కన గ్యాస్ క్యాన్.]

ఇప్పుడు దీన్ని చూడండి. 220 గ్రాముల బ్యూటేన్ క్యాన్. ఇందులో దాదాపు 10,000 కిలోజౌళ్లు ఉంటాయి. గాలికీ, గిన్నె పక్కలకూ సగానికి పైగా పోయినా, అర లీటరు చొప్పున ఇరవై సార్లు నీళ్లు కాచుకోవచ్చు. వెలుతురుకూ ఫోనుకూ బ్యాటరీ, వేడికి మంట. ఎవరి పని వారిది.

అయితే బ్యూటేన్‌కు ఒక తెగులు ఉంది. చలికి ముడుచుకుపోతుంది. క్యాన్‌లో అది ద్రవంగా ఉంటుంది, ఆవిరై బయటికి వస్తేనే మండుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఆ ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఆ చుట్టుపక్కలకు జారే రోజులు ఉంటాయి. పైగా ఆవిరవుతున్న కొద్దీ క్యాన్ ఇంకా చల్లబడుతుంది. ఊపితే లోపల గలగలమంటుంది, స్టవ్వు మీద మాత్రం దీపం వత్తి పాటి మంట. గ్యాస్ అయిపోయిందనుకుని చాలామంది నిండు క్యాన్‌ను పారేస్తారు.

అందుకే క్యాన్‌ను రాత్రి దుప్పట్లో పాదాల దగ్గర పెట్టుకుని పడుకోండి. స్టవ్వుకు బిగించి కాదు, విడిగా, మూత పెట్టి. అది చాలకపోతే బిగించే ముందు గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచండి. గోరువెచ్చగా అంటే పసిపిల్లకు స్నానం చేయించేంత. మంట దగ్గర పెట్టి వేడి చేయడం, మరుగునీళ్లు పోయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ప్రొపేన్ అనే మరో గ్యాస్ కలిపిన క్యాన్లు చలికి బాగా పనిచేస్తాయి, కాకపోతే ధర ఎక్కువ.

ఇంకొక మాట, దీనికి వాదన లేదు. టెంటు లోపల స్టవ్వు వెలిగించకూడదు. బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోకూడదు. మంట ఆరిపోయి నివురుగప్పిన బొగ్గులైనా సరే. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రపోతున్న మనిషి నిద్రలోనే పోతాడు.

[దృశ్యం: సాయంత్రం. బయట చాప మీద ఫిల్టరు భాగాలు విడివిడిగా. చేతులు దగ్గరగా.]

ఇక అసలు పని. రాత్రి భోజనం అయ్యాక, స్టవ్వు ఎలాగూ వెలిగి ఉన్నప్పుడే మొదలుపెట్టండి. నలుగురికి లెక్క చెబుతున్నాను.

ముందు నీళ్లు మరగనివ్వండి. ఇక్కడ లంబసింగి మనకు ఒక మేలు చేస్తుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్నాం కాబట్టి నీళ్లు 100 డిగ్రీలకు కాదు, 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాఫీ పొడికి 90 నుంచి 96 డిగ్రీల వేడి నప్పుతుంది. కిందికి దింపి ఫిల్టరు దగ్గరికి తెచ్చేసరికి సరిగ్గా ఆ వేడికి వచ్చేస్తాయి. అదే 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అయితే నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడ డికాక్షన్ పలచగా దిగిందని పొడిని తిట్టకూడదు.

మరిగిన నీళ్లలో కొంచెం ఖాళీ ఫిల్టరులో పోసి, తిప్పి పారబోయండి. ఇది మానవద్దు. ఈ చలిలో స్టీలు గిన్నె ఐసుముక్కలా ఉంటుంది. పొడి వేసి నేరుగా నీళ్లు పోస్తే, ఆ నీళ్ల వేడిని మొదట ఆ లోహం తాగేస్తుంది. మిగిలిందే పొడికి దక్కుతుంది. ఇంట్లో బాగా దిగే డికాక్షన్ కొండ మీద నీళ్లలా ఎందుకు వస్తోందో నాకు రెండు ప్రయాణాల దాకా అర్థం కాలేదు. కారణం ఇదే.

తుడిచి, పై గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల పొడి వేయండి. తూకంలో 35 గ్రాముల దాకా ఉంటుంది. పొడి మరీ మెత్తగా, శనగపిండిలా ఉంటే చిల్లులు పూడుకుపోతాయి. ఉప్మా రవ్వలా ఉంటే నీళ్లు ఆగకుండా జారిపోతాయి. వేళ్ల మధ్య నలిపితే సన్న పంచదార కంటే కొంచెం మెత్తగా తగలాలి. పక్కన తట్టి సమం చేసి, గొడుగు బిళ్లను, అంటే ఫిల్టరుతో వచ్చే కాడ ఉన్న చిల్లుల బిళ్లను, పైన ఆనించండి. అదమకండి, దాని బరువు చాలు.

[దృశ్యం: దగ్గరగా, పొడి మీద నీళ్లు పడటం. ఆవిరి.]

ఇప్పుడు మొదట రెండు చెంచాల నీళ్లు మాత్రమే పోసి, అర నిమిషం ఆగండి. పొడి తడిసి ఉబ్బుతుంది. తాజా పొడి అయితే చిన్న చిన్న బుడగలు కూడా కనిపిస్తాయి. తర్వాత గుండ్రంగా తిప్పుతూ 200 మిల్లీలీటర్లు పోసి మూత పెట్టేయండి.

మా బావ ఫిల్టరు ముందు గొంతుక్కూర్చుని పది నిమిషాలు చూశాడు.

"చుక్క కూడా పడటం లేదేమిటి?"

"నువ్వు చూస్తుంటే సిగ్గుపడుతోంది, బావా."

నిజానికి దానికి ఊపిరాడటం లేదు. పై గిన్నె కింది గిన్నెలో మరీ బిగుసుకుంటే లోపలి గాలి బయటికి పోయే దారి ఉండదు. ఆ గాలే డికాక్షన్‌ను కిందికి దిగనివ్వదు. పై గిన్నెను పావు వంతు తిప్పి, కొద్దిగా వదులు చేయండి. టప్, టప్ అని వినిపిస్తుంది. కొండ మీద నేల సమంగా ఉండదు కాబట్టి ఫిల్టరును ఒక పలక మీదో, డబ్బా మూత మీదో నిలువుగా నిలబెట్టండి. ఒక పక్కకు ఒరిగితే నీళ్లన్నీ ఆ పక్కనుంచే జారి, మిగతా పొడి పొడిగానే మిగిలిపోతుంది.

తువ్వాలు చుట్టి, బోర్లించిన గిన్నె కింద పెట్టేసి పడుకోండి. కుక్కలు తిరుగుతుంటాయి, పైన ఒక రాయి పెట్టడం మంచిది. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి పోసిన 200 మిల్లీలీటర్లలో మీకు దక్కేది 120, 130. మనిషికి 30 చొప్పున సరిపోతుంది.

[దృశ్యం: కొండ వాలున కాఫీ తోట. పొడవాటి చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. ఎర్రటి పళ్లు.]

పొడి గురించి ఒక మాట. మనం టెంటు వేసుకున్న ఈ చింతపల్లి, పాడేరు, అరకు కొండలే కాఫీ కొండలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి పాకిన మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరబికా ఇది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మనం చలి చూడటానికి ఎగబడే నవంబరు, డిసెంబరు, జనవరి నెలలే ఇక్కడ పళ్లు కోసే నెలలు. అయినా రోడ్డు పక్క కొట్లలో నాకు చాలాసార్లు దొరికింది వేడినీళ్లలో కలిపిన ఇన్‌స్టంట్ పొడే. తోట పక్కనే కూర్చుని అది తాగుతుంటే, గోదావరి గట్టు మీద నీళ్ల సీసా కొనుక్కున్నట్లు ఉంటుంది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ఇక్కడి కాఫీ పొడి దొరుకుతుంది. ఒక పొట్లం కొని, తెరిచాక గాలి చొరబడని డబ్బాలో పోసుకోండి. మంచుకు పొడి చెమ్మగిల్లితే వాసన పోతుంది.

చికోరీ, అంటే వేయించి పొడి చేసిన ఒక వేరు, కలపాలా వద్దా? నల్లగా తాగేవాళ్లకు వద్దంటాను. పాలతో తాగేవాళ్లకు నూటికి ఇరవై పాళ్లు ఉంటే బాగుంటుందంటాను. చికోరీ డికాక్షన్‌కు చిక్కదనం ఇస్తుంది, రాత్రంతా నిలవున్న డికాక్షన్ పాలల్లో పడ్డాక తేలిపోకుండా కాస్తుంది. పొట్లం వెనుక మాత్రం చదవండి. మన నిబంధనల ప్రకారం కాఫీ 51 శాతానికి తగ్గకుండా ఉంటే చాలు. అంటే దాదాపు సగం చికోరీ ఉన్నా అది కాఫీ చికోరీ మిశ్రమమే.

[దృశ్యం: తెల్లవారుతోంది. స్టవ్వు మీద పాలగిన్నె, చుట్టూ రాళ్లతో గాలికి అడ్డు.]

మళ్లీ తెల్లవారుజాముకు వద్దాం. ఫ్రిజ్ లేదు కాబట్టి పాలకు రెండు దారులు. ఊళ్లో ఉదయం పాలు దొరికితే అంతకు మించింది లేదు. లేదంటే అట్టపెట్టెలో వచ్చే టెట్రా ప్యాకు పాలు తెచ్చుకోండి. తెరవనంత వరకు బయట ఉన్నా పాడవవు. పాలపొడి కూడా ఉంది కానీ, అది నేను వేరే దారి లేనప్పుడే వాడతాను.

నాలుగు గ్లాసులకు అర లీటరు పాలు. స్టవ్వుకు గాలి వచ్చే వైపు రాళ్లు పేర్చండి. క్యాన్ ఉన్న వైపు మూసేయకండి, అది వేడెక్కకూడదు. పాలు పొంగు వచ్చే దాకా పక్కనే ఉండండి. ఇంట్లో పొంగితే గట్టు తుడుచుకోవచ్చు. ఇక్కడ బర్నరు చిల్లుల్లోకి పోతే మధ్యాహ్నం వంట కూడా లేనట్లే.

డికాక్షన్ చల్లగా ఉంది కదా, విడిగా వేడి చేద్దామా అని బావ అడిగాడు. వద్దు. డికాక్షన్ మరిగితే చేదెక్కుతుంది, వాసన ఆవిరితో పోతుంది. లెక్క చూసుకోండి. 8 డిగ్రీల డికాక్షన్ 30 మిల్లీలీటర్లు, పొంగిన పాలు 120 మిల్లీలీటర్లు. కలిస్తే 78 డిగ్రీలు. స్టీలు గ్లాసు కొంత లాక్కున్నా నాలుక చుర్రుమనే వేడి మిగులుతుంది. ముందు గ్లాసులో డికాక్షన్, చక్కెర, ఆపైన పాలు. ఇంట్లోలా గ్లాసులోంచి గిన్నెలోకి మూరెడు ఎత్తున తిరగబోయకండి. ఒక్కసారి, దగ్గరగా. నురుగు వచ్చేస్తుంది, వేడి పోదు.

[దృశ్యం: నాలుగు స్టీలు గ్లాసులు. ఆవిరి, వెనుక తెల్లటి మబ్బు.]

కట్టెల పొయ్యి గురించి అడుగుతారని తెలుసు. చూడటానికి బాగుంటుంది. కానీ పాలకు పొగ వాసన ఇట్టే పడుతుంది. పొగచూరిన పాలతో కాఫీ కలిపితే తాగేది కాఫీ కాదు. పైగా అడవిలో కట్టెలు ఏరడం, మంట పెట్టడం నిషేధం. టెంట్ల యజమాని తన స్థలంలో పొయ్యి వెలిగించి ఇస్తే సరే. గిన్నె అడుగున బయటి వైపు సబ్బో, తడి మట్టో పూసి పెట్టండి. మసి దానితోపాటే కడుక్కుపోతుంది. పాలగిన్నె మీద మూత తప్పనిసరి.

మిగతా పరికరాల సంగతి క్లుప్తంగా. పొడిని నీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి అదిమే గాజు ఫ్రెంచ్ ప్రెస్ ఘాట్ రోడ్డుకు తట్టుకోదు. నాది ఇక్కడికి దగ్గర్లోని తాజంగి దాటకముందే పగిలింది. స్టవ్వు మీదే ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే మోకా పాట్‌లో కాఫీ చిక్కగా ఉంటుంది కానీ అది తెల్లవారుజామునే స్టవ్వు దగ్గర కూర్చోబెడుతుంది. నల్ల కాఫీ తాగేవాళ్లకు ఏరోప్రెస్, అంటే చేత్తో నొక్కి కాఫీ దించే గొట్టం, మంచిది. తేలిక, పగలదు, రెండు నిమిషాల పని. గాల్లోకి విసిరే ఆటవస్తువులు తయారు చేసిన అలన్ ఆడ్లర్ అనే అమెరికన్ దాన్ని 2005లో తెచ్చాడు. నలుగురికి మాత్రం నాలుగుసార్లు చేయాలి.

తాగడం అయ్యాక పిప్పిని వాగులో దులపకండి. ఒక కవరులో మూట కట్టి ఇంటికి తెచ్చి మొక్కలకు వేసుకోండి. ఫిల్టరును సబ్బు లేకుండా వేడినీళ్లతో కడగండి.

[దృశ్యం: పై గిన్నెను సూర్యుడి వైపు ఎత్తి పట్టుకున్న చేయి. చిల్లుల్లోంచి వెలుతురు.]

కడిగాక ఇలా ఎండకు ఎత్తి చూడండి. తెరుచుకున్న చిల్లులన్నీ చుక్కల్లా మెరుస్తాయి. ఇక్కడ, ఈ అంచున నాలుగైదు నల్లగా ఉన్నాయి చూశారా? రాత్రి డికాక్షన్ ఆలస్యం కావడానికి ఇవీ కారణమే. బావా, ఆ పిన్నీసు ఇటు ఇవ్వు.