ఆశీర్వాదం, ఆజ్ఞ: శ్రోతల ప్రశ్నలు

యాంకర్: తిరుపతి స్టూడియో నుంచి అందరికీ వందనాలు. పాస్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ రేణిగుంట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: వందనాలు అయ్యగారూ. ద్వితీయోపదేశకాండం 28లో దీవెనలు రోజూ చదువుకుంటా ఉండాను. చదివితే చాలునా?

పాస్టర్: చదవండమ్మా, అయితే 14వ వచనం దగ్గర ఆపేయకండి. 15 నుంచి 68 దాకా హెచ్చరికలే. మొదటి వచనంలోనే ఆజ్ఞల ప్రకారం నడిస్తే అని షరతు ఉంది. ఇంకో మాట, ఆశీర్వాదానికి రేటు కట్టేవాళ్లను ఇంట్లోకి రానీయకండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. పాకాల నుంచి...

కాలర్: హలో... హలో, వినపడతా ఉందా?

యాంకర్: టీవీ సౌండ్ తగ్గించండన్నా.

కాలర్: తగ్గించినా. అయ్యగారూ, మాది మామిడికాయల మండీ. దశమభాగం, అదే రాబడిలో పదో వంతు కానుక, ఏనాడూ తప్పలేదు, సీజన్ అయిపోతానే ముందు మందిరానికే. అయినా చేతిలో రూపాయి నిలవదు. మా ఆవిడకు ఒంట్లో బాగలేదు, పిల్లోడి ఫీజు కట్టాల, గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు బిల్లు ఆపినారు... ఒకాయన ఇంటికొచ్చి శాపముందన్నాడు. 25,000 రూపాయలు ఆయనకు కానుకగా ఇస్తే, అదే విత్తనం వేస్తే, పోతాదంట. వేయమంటారా?

పాస్టర్: వద్దు. గలతీ 3:13 చూడండి, మన శాపాన్ని క్రీస్తు సిలువ మీద మోసేశాడు. దానికి మళ్లీ బిల్లు వేసే అధికారం ఎవరికీ లేదు. మీ ఆవిడను డాక్టరుకు చూపించండి. సరే, మీ మండీలో కుళ్లుకాయ పేరుతో రైతు తూకంలోంచి తరుగు ఎంత తీస్తారు?

కాలర్: అందరూ తీసేదే కదయ్యా... టన్నుకు 50 కేజీలు.

పాస్టర్: నిజంగా కుళ్లిపోయేది?

కాలర్: 20 ఉంటాది. అయితే దశమభాగం మాత్రం...

పాస్టర్: దశమభాగం కాసేపు పక్కన పెట్టండి. దశమభాగం తెమ్మనే మలాకీ 3:10 అందరికీ నోటికొస్తుంది. అదే అధ్యాయం 5వ వచనం ఎవరూ చెప్పరు. కూలివాళ్లను, విధవలను బాధపెట్టేవాళ్లకు దేవుడే ఎదురు సాక్షి. మీ ఇబ్బందులకు తరుగే కారణమని నేననను, అలా అనే హక్కు నాకు లేదు. కానీ రైతు సొమ్ములోంచి తీసిన కానుక దేవుడికి అక్కర్లేదు.

కాలర్: అయితే ఆ 25,000...

పాస్టర్: సోదరా, వద్దన్నాను గదా! ఆశీర్వాదానికి రేటు కట్టేవాళ్లను నమ్మకండి. పెన్ను తీసుకోండి. చీటీల పుస్తకం ముందేసుకుని రైతువారీగా రాయండి. టన్నుకు ఎక్కువ తీసింది 30 కేజీలు. ఒక రైతు 40 టన్నులు తెచ్చుంటే 1,200 కేజీలు, కేజీ 10 రూపాయలైతే 12,000. లేవీయకాండం 6:5 ప్రకారం దానికి ఐదో వంతు కలపాలి, 2,400. మొత్తం 14,400. అక్కడ చెప్పిన పొట్టేలు బలి క్రీస్తులో తీరిపోయింది, రైతు బాకీ తీరలేదు. సువార్తలో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, మీరు ఐదో వంతుకే వెనకాడకండి.

కాలర్: అంత ఒక్కసారిగా యాడ తెచ్చేది అయ్యగారూ?

పాస్టర్: ఒక్కసారి కుదరకపోతే రైతు దగ్గరికెళ్లి ఒప్పుకోండి, తేదీలు వేసి కాగితం రాసివ్వండి. రైతు పోయుంటే వారసులకు ఇవ్వండి. హుండీలో వేసి చేతులు దులుపుకోవద్దు, మత్తయి 5:24లో ముందు సమాధానపడు, తర్వాతే అర్పణ అన్నాడు ప్రభువు. ఈ సీజన్‌కి రైతు కళ్లముందే కుళ్లుకాయ ఏరి, కాటా మీద పెట్టి, వచ్చిన బరువే తరుగని చీటీలో రాయండి.

కాలర్: పక్క మండీవాళ్లు నవ్వుతారు...

పాస్టర్: నవ్వనీ నాయనా. దొంగ త్రాసు యెహోవాకు హేయం, సామెతలు 11:1. ప్రార్థన చేస్తాను, భయపడకండి.

యాంకర్: పుత్తూరు.

కాలర్: నర్సునండీ. ఆదివారం డ్యూటీ పడితే ఆజ్ఞ మీరినట్టా?

పాస్టర్: కాదమ్మా. మార్కు 3లో ప్రభువు విశ్రాంతి దినానే ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి, గలవాణ్ని బాగుచేశాడు. వేరే రోజు ఆరాధనకు వెళ్లండి.

యాంకర్: శ్రీకాళహస్తి, తొందరగా అమ్మా.

కాలర్: మా బిడ్డకు పుట్టుకతోనే చూపు లేదు. ధర్మశాస్త్రం తప్పినందుకే అంటా ఉండారు...

పాస్టర్: యోహాను 9:3 తెరవండి తల్లీ. పుట్టుగుడ్డివాడి గురించి అడిగితే, వీడైనా వీడి తల్లిదండ్రులైనా పాపం చేయలేదని ప్రభువే చెప్పాడు. అట్లా అనేవాళ్లకు ఆ వచనం చూపించండి. ముందు బిడ్డను కంటి డాక్టరుకు...

యాంకర్: అయ్యగారూ, టైమైపోయింది. అమ్మా, లైన్లోనే ఉండండి, మావాళ్లు మాట్లాడతారు.